పూలు కొనుక్కొచ్చిన బతుకమ్మ

(లక్సెట్టిపేటలో జరిగిన రైతు సంఘం మండల సమావేశంలో సంఘం కళాబృందం బాధ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



జీవవైవిధ్యం తరిగిపోవడం గురించి ఆటపాటలతో ఊళ్లల్లో ఎట్లా ప్రచారం చేయాలో మాట్లాడమని నాకు అప్పగించారు. జీవవైవిధ్యం అనేది పెద్ద మాట. మన భాషలో చెప్పుకుంటే, మన చెలకలో, గెట్టు మీద, చెరువులో, అడవిలో ఎన్ని రకాల ప్రాణాలున్నాయి, మన ఇండ్లల్లో ఎన్ని రకాల విత్తనాలున్నాయి అన్నదే. మన తాతలు ఆ పేరు వినలేదు. కానీ అది వాళ్ల దగ్గర ఉండేది. మనం పేరు నేర్చుకునేసరికి అది పోతున్నది.

ముందుగా పోయిన ఏడాది మనం ఆడిన ఆట సంగతి చెప్పాలి. అది పారలేదు. ఎందుకు పారలేదో తెలియకుండా ఈసారి మళ్లీ డప్పు పట్టుకుని బయలుదేరితే లాభం లేదు.

జన్నారం దిక్కు ఒక ఊరికి పోయాం. ఆరుగురు పిల్లలు, ఇద్దరు డప్పు కొట్టేవాళ్లు, నేను. అట్టముక్కలకు రంగులు వేసి నెమలి, జింక, పెద్దపులి వేషాలు కట్టాం. అరగంట ఆట. పిల్లలు బ్రహ్మాండంగా ఆడారు. పులి పడిపోయినప్పుడు చిన్నపిల్లలు ఏడ్చారు కూడా. ఆట అయిపోయాక చప్పట్లు కొట్టారు. అప్పుడు ఒక పెద్దమనిషి లేచి, "సారూ, ఆట మంచిగనే ఉన్నది గని, ఆ నెమలి నిన్న నా పెసరు చేన్ల ఉండె. అడివి పందులు మక్కచేను మొత్తం దున్నిపెట్టినయ్. మీరు వాటి దిక్కు మాట్లాడవడ్తిరి. మా దిక్కు ఎవరు మాట్లాడాలె?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. కవ్వాల 2012లో టైగర్ రిజర్వ్ అయింది. దాని అంచున ఉన్న ఊళ్ల రైతు రాత్రంతా మంచె మీద కూర్చుని, పొద్దున్నే వచ్చి మన ఆట చూస్తాడు. అడవి జంతువులు తిన్న పంటకు సరైన పరిహారం సకాలంలో ఇవ్వాలని మన సంఘం అడుగుతున్నది. ఆ మాట లేకుండా నెమలి ఆట ఆడితే అది రైతు సంఘం ఆట ఎట్లా అవుతుంది? ఆ పెద్దమనిషి మాటలో తప్పు లేదు. తప్పు మా ఆటలో ఉంది.

ఇంకొకటి కూడా గమనించాను. వెనుక వరుసలో నిలబడ్డ ఆడవాళ్లు సగం ఆట చూసి, తమ ముచ్చట్లలో పడ్డారు. ఏం ముచ్చటని పక్కకు పోయి విన్నాను. బతుకమ్మ పండుగ దగ్గరకొచ్చింది, ఈసారి గునుగు ఎక్కడ దొరుకుతుంది, పోయిన ఏడాది ఏ ఊరి దాకా పోయి తెచ్చుకున్నారు, మంచిర్యాల మార్కెట్లో కట్ట ఎంత పలికింది. ఇదీ వాళ్ల మాట. నేను అట్టముక్క నెమలితో చెప్పబోయిన సంగతినే వాళ్లు అసలు పూల పేర్లతో మాట్లాడుకుంటున్నారు. అక్కడ నాకు బుద్ధి వచ్చింది.

బతుకమ్మ సంగతే చూడండి. దేవుడికి పూలు పెట్టేవాళ్లు లోకమంతటా ఉన్నారు. పూలనే పేర్చి, ఆ పూలనే దేవతగా నడుమ పెట్టుకుని, చుట్టూ తిరుగుతూ చప్పట్లు చరుస్తూ ఆడేది మన ఆడవాళ్లు. పెత్రమాస నాడు ఎంగిలిపూలతో మొదలుపెట్టి సద్దుల దాకా తొమ్మిది రోజులు. ఆ పూలలో బంతి, చామంతి మనం వేసుకునేవి. తంగేడు, గునుగు, కట్ల పూలు ఎవరూ విత్తరు. గెట్టు, చెలక, బీడు తమంతట తామే ఇస్తాయి. అంటే ఏడాదికోసారి మన ఆడవాళ్లు ఊరి చుట్టూ తిరిగి, ఏ పువ్వు ఎక్కడుంది, ఎంతుంది అని చూసి వస్తున్నారు. అడవిలో జంతువుల లెక్క తీయడానికి సర్కారు మనుషుల్ని పంపుతుంది. మన పూల లెక్క ఆడవాళ్లు ఎవరూ పంపకుండానే తీస్తున్నారు. కాకపోతే దాన్ని లెక్క అని మనం ఎన్నడూ అనుకోలేదు.

మా అమ్మ ఎంగిలిపూల నాడు పొద్దున్నే గంప తీసుకుని మా చెలకకే పోయేది. జొన్న, కంది, పెసర, నువ్వులు కలిపి వేసిన చేను. జొన్న సాళ్ల నడుమ గునుగు, తెల్లగా, కొస మీద కొంచెం గులాబీ రంగుతో. గెట్టు మీద తంగేడు. గంప నిండడానికి ఎంతోసేపు పట్టేది కాదు. మొన్నటి బతుకమ్మకు మా కోడలు గునుగు కట్టలు మంచిర్యాల నుంచి కొనుక్కొచ్చింది. అవే చెలకలు. అదే ఇల్లు. పూలు మాత్రం బస్సులో వచ్చాయి.

ఏమైంది మధ్యలో? మీకు తెలియనిది కాదు. 2002లో దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. మన పాత ఆదిలాబాద్ జిల్లా అంతా పత్తి అయింది. కడెం కాలువ కింద వరి, కాలువ పారని చోట పత్తి. జొన్న పోయింది. జొన్నతోపాటు దాంట్లో కలిపి వేసేవి పోయాయి. వాటి నడుమ బతికే గునుగు అయినా కొన్నాళ్లు పత్తిలో ఉండేది. ఆ తర్వాత గడ్డిమందు వచ్చింది. గడ్డిమందు కొట్టినా చావని పత్తి అని చెప్పి, సర్కారు అనుమతి లేని విత్తనాలను చాటుమాటుగా మన ఊళ్లల్లో అమ్మారు. మనమూ కొన్నాం. గ్లైఫోసేట్ అమ్మకాల మీద మన రాష్ట్రం 2018లో ఆంక్షలు పెట్టింది. 2022లో కేంద్రం కూడా కట్టడి చేసింది. ఉత్తర్వులు వచ్చాయి, సీసాలు రావడం మాత్రం ఆగలేదు.

ఇక్కడ నిలబడి మీకు నీతులు చెప్పే హక్కు నాకు లేదు. మూడేళ్లు నేనూ కొట్టాను. ఎందుకు కొట్టాను? వానలు ఒక్కసారే పడతాయి, ఊరందరికీ ఒక్కసారే కలుపు వస్తుంది, కైకిలి దొరకదు. దొరికినా పత్తికి వచ్చే ధరలో ఆ కూలి గిట్టదు. పత్తికి గిట్టుబాటు ధర ఇవ్వకుండా, ఉపాధి హామీ పనిని వ్యవసాయానికి జోడించకుండా, గడ్డిమందు కొట్టొద్దని రైతుకు చెప్పడం సులభం. ఈ మాట ఆటలో కూడా రావాలి. రాకపోతే మళ్లీ ఆ పెద్దమనిషి లేస్తాడు.

కానీ ఆ సీసాతో పోయినది పువ్వు ఒక్కటే కాదు. కలుపు తీసిన కూలి ఆడవాళ్ల చేతికి వచ్చే పైసలు. కలుపు తీయడం సుఖమైన పని అని నేను అనడం లేదు, నడుములు పడిపోయేవి. అయినా ఆ కూలి పోయింది. సాయంత్రం ఒడిలో తెచ్చుకునే కూర పోయింది. గునుగు లేత ఆకు కూర వండుకునేది మన దగ్గరే కదా? తుమ్మికూర, పాయిలికూర, పొనగంటి. వినాయక చవితికి తుమ్మికూర వండే ఇండ్లు ఇంకా ఉన్నాయి, కానీ ఆ కూర కోసం వెతకాల్సి వస్తున్నది. వరుసగా వంగి కలుపు తీస్తూ పాడిన పాటలు కూడా అక్కడే ఆగిపోయాయి. బతుకమ్మ పాటలో వచ్చే ఒంపు, అడుగు, చప్పట్ల తాళం చేను వరుసలో నుంచే వచ్చాయని నాకనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే, శాస్త్రం కాదు.

ఒక సంగతి నిజాయితీగా చెప్పుకోవాలి. గునుగు ప్రపంచంలో అంతరించిపోతున్న మొక్క కాదు. ఎక్కడ పడితే అక్కడ మొలిచేదే. పోతున్నది మన ఊరి చుట్టూ. అయితే దసరా నాడు మనం చూసే పాలపిట్ట సంగతి వేరు. అది మన రాష్ట్ర పక్షి. దేశంలో పక్షుల స్థితి మీద 2023లో వచ్చిన నివేదిక ప్రకారం పాలపిట్టలు సుమారు పన్నెండేళ్లలో ముప్పై శాతం దాకా తగ్గాయి. పాలపిట్ట తినేది మిడతలను, పురుగులను, అంటే మన చేను పని చేసే కూలీ. గడ్డిమందు ఒక్కటే కారణమని నేను అనను. కానీ గడ్డి లేని చోట పురుగు లేదు, పురుగు లేని చోట పిట్ట రాదు, ఇది అర్థం కావడానికి చదువు అక్కర్లేదు. ప్రపంచ సంగతి కూడా ఇంతే. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2019లో చెప్పిన లెక్క ఇది: మనుషులు తిండి కోసం పండించిన మొక్కలు ఆరు వేల రకాలు. ఈ రోజు మొత్తం పంట దిగుబడిలో మూడింట రెండొంతులు కేవలం తొమ్మిది పంటలదే.

ఇక ఆట సంగతికి వద్దాం. ఆటపాట రైతు ఉద్యమానికి కొత్త కాదు. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి బుర్రకథలతో, 'మాభూమి' నాటకంతో ఊళ్లను కదిలించింది. మన తెలంగాణ ఉద్యమం ధూంధాం ఆడింది. కానీ ఆ ఆటలకూ దీనికీ ఒక తేడా ఉంది. అప్పుడు వేదిక మీద దొర వేషం కట్టి నిలబెడితే జనం గుర్తుపట్టి కేకలు వేశారు. ఇప్పుడు ఎవరి వేషం కడతాం? కంపెనీ వాడి వేషం కట్టవచ్చు, కట్టాలి కూడా. కానీ సగం దొర నా వీపు మీది మందు పంపులోనే ఉన్నాడు. వేదిక మీద ఆడి, కింద కూర్చున్న రైతుకు వేలు చూపిస్తే వాడు లేచిపోతాడు. అందుకే ఈ ఆటకు వేదిక పనికిరాదని నా అభిప్రాయం. చూసేవాళ్లు, ఆడేవాళ్లు అని రెండు గుంపులుండకూడదు. పైగా ఆటలో పట్టుకునే వస్తువు అట్టముక్క కాకూడదు, అసలుది కావాలి.

దీనికి జహీరాబాద్ అక్కలు మనకు దారి చూపించారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, ఎక్కువమంది దళిత రైతులు, ఇరవై ఏళ్లకు పైగా ప్రతి సంక్రాంతికి పాత పంటల జాతర చేస్తున్నారు. ఎడ్లబండ్లను అలంకరించి, వాటి మీద కుండల్లో, గంపల్లో తాము దాచిన విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరుగుతారు. కొర్ర, సామ, జొన్న, పప్పులు, నూనెగింజలు. సుమారు నెల రోజుల జాతర, ఫిబ్రవరిలో మాచ్నూర్‌లో ముగుస్తుంది. ఊళ్లోకి బండ్లు వస్తే డప్పులు, కోలాటం, పాటలు. ఆ ఊరి ఆడవాళ్లు ఎదురొచ్చి విత్తనాలకు పూజ చేసి, బండ్ల ముందు ఆడతారు. ఆ తర్వాత కూర్చుని మాట్లాడుకుంటారు: ఈ ఏడాది ఏమేసినం, ఏది పోయింది, ఎవరి దగ్గర విత్తనం ఉంది. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. బహుమతి కంటే నాకు నచ్చింది ఏమిటంటే, ఆ ఆట చూసిన వాళ్లకు ఒక విత్తనం కావాలనిపిస్తే అది అక్కడే గంపలో ఉంది. అడిగి తీసుకోవచ్చు. మా అట్టముక్క నెమలి దగ్గర తీసుకోవడానికి ఏముంది?

ఇంకో దారి మన పక్కనే ఉంది. దండేపల్లి మండలం గుడిరేవు దగ్గర గోదావరి ఒడ్డున పద్మల్‌పురి కాకో గుడికి దీపావళి ముందు గోండు ఊళ్ల నుంచి దండారి బృందాలు వస్తాయి. మీలో చాలామంది చూసి ఉంటారు. గుస్సాడీల తలమీద నెమలి పింఛాల టోపీ, కొమ్ములు, ఒంటికి బూడిద, భుజాన తోలు. ఒక మనిషి ఒంటి మీదనే అడవి నిలబడి ఆడుతున్నట్టుంటుంది. మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో, ఆ ఏటి దండారి రోజుల దగ్గరలోనే, ఆయన పోయారు. నెమలి వానాకాలం చివర తన పింఛం తానే రాలుస్తుంది. నెమలి బతికితేనే పింఛం, పింఛం ఉంటేనే గుస్సాడీ. ఆ ఆటకు ప్రాణమున్న నెమలి కావాలి. ఇది మనం నేర్చుకోవాల్సింది.

కానీ నేర్చుకోవడం వేరు, ఎత్తుకోవడం వేరు. మన కుర్రాళ్లు కొందరు "ఈసారి గుస్సాడీ టోపీ పెట్టి ఆడదాం సార్, జనం ఎగబడతారు" అన్నారు. వద్దన్నాను. అది వాళ్ల పూజ. ఆ రోజుల్లో గుస్సాడీలు స్నానం కూడా చేయకుండా నియమం పాటిస్తారు. మనం వేషంగా కట్టుకుని మీటింగు ముందు ఎగిరితే అది మర్యాద కాదు. మన సంఘంలోని గోండు మిత్రులు తమ దండారిలో ఈ సంగతి చెప్పదలచుకుంటే అది వాళ్లిష్టం, డప్పు మోయమంటే మోస్తాం. మనకు మన బతుకమ్మ ఉంది. దాన్ని ఎవరినీ అడుక్కోనక్కర్లేదు.

అందుకని కళాబృందం ఈ ఏడాది ఇట్లా అనుకున్నది. మీరు ఒప్పుకుంటేనే.

పెత్రమాసకు ముందు ప్రతి ఊళ్లో ఆడవాళ్ల బృందం ఒకసారి ఊరి శివారు తిరుగుతుంది. ఏ పూలు ఎక్కడున్నాయో చూస్తుంది, తెంపదు. సద్దుల నాడు ఊరి నడుమ పెట్టే పెద్ద బతుకమ్మను ఆ ఊరి శివారులో దొరికిన పూలతోనే పేర్చాలి. కొన్న పువ్వు దానికి పెట్టకూడదు. చిన్నగా వస్తే చిన్నగానే ఉండనీ. ఇంటి బతుకమ్మలు ఎవరిష్టం వాళ్లది, దాని జోలికి మనం పోవద్దు. ఆట మొదలుపెట్టే ముందు ఊళ్లోని ముసలమ్మలు ఒక్కొక్కరు తమ చిన్నప్పుడు ఈ గంపలో ఉండి, ఇప్పుడు లేని పువ్వు పేరు చెప్తారు. పాట కట్టేది వాళ్లే. ఉయ్యాలో అన్న పల్లవి ఉంటే చాలు, మన ఆడవాళ్లు అప్పటికప్పుడు ఏ సంగతినైనా పాటలో పెడతారు. కరువు పెట్టారు, తెలంగాణ పెట్టారు, గడ్డిమందు పెట్టలేరా? మేము రాసిచ్చిన పాట ఎవరూ పాడనక్కర్లేదు. నిజం చెప్పాలంటే మేము ఒకటి రాశాం. మా కోడలు విని, ఇది పాట కాదు, కరపత్రం అన్నది.

మగవాళ్లకు కూడా ఒక పని ఉంది. గెట్టుకు అటూ ఇటూ మూడేసి అడుగులు ఈ వానాకాలం గడ్డిమందు కొట్టకుండా వదిలేయండి. చేను మొత్తం మానమని అడగడం లేదు. ఆ ఆరడుగుల్లో తంగేడు, గునుగు నిలబడితే సద్దుల బతుకమ్మ ఎంత ఎత్తు వస్తుందో ఊరందరికీ కనిపిస్తుంది. ఎవరి గెట్టు మీద ఎన్ని పూలున్నాయో ఆడవాళ్లకు తెలుస్తుంది కాబట్టి, చెప్పేవాళ్లు చెప్తారు. మొన్న మా వాడకట్టులో ఈ మాట చెప్తే ఒక రైతు, "గెట్టు మీద పాములు చేరుతయ్ సార్" అన్నాడు. నిజమే, చేరతాయి. ఎలుకలు తింటాయి, చూసుకుని నడవాలి అన్నాను. ఇంతకంటే మంచి జవాబు మీలో ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.

పశువులు ఎక్కువున్న ఊళ్లకు ఇంకో ఆట తయారవుతున్నది, రాబందు ఆట. కుమురం భీం జిల్లా పెంచికల్‌పేట మండలం పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు కట్టుకున్నాయి. మన చిన్నప్పుడు చచ్చిన గొడ్డును ఊరి బయట వేస్తే పూట తిరగకముందే ఎముకలు మిగిలేవి. అవి ఎందుకు పోయాయి? పశువులకు నొప్పికి వేసిన డైక్లోఫినాక్ సూదిమందు చచ్చిన గొడ్డు మాంసంలో ఉండిపోయి రాబందుల కిడ్నీలను తినేసింది. 2006లో ఆ మందును పశువులకు వాడకుండా దేశంలో నిషేధించారు. ఈ ఆటలో రైతు తప్పు లేదు, తన బర్రె నొప్పి తగ్గించుకోవడానికి మందు వేయించాడు అంతే. కాబట్టి ఎవరూ లేచి అడగరని అనుకుంటున్నాం. చూడాలి.

ఆ జన్నారం దిక్కు ఊరికి మళ్లీ పోయాం. ఆ పెద్దమనిషి ఇంటికే పోయి, ఈసారి ఆటలో నీ మాట నువ్వే వచ్చి చెప్పు, పంట నష్టం లెక్క ఊరందరి ముందు చెప్పు, దాన్ని సంఘం తరఫున రాసి దరఖాస్తు చేద్దాం అన్నాం. ఒప్పుకున్నాడు, కానీ ఒక షరతు పెట్టాడు. పంది వేషం తానే కడతాడట. పంది ఎట్లా వస్తుందో, ఎట్లా దున్నుతుందో తనకంటే ఎవరికీ తెలియదట. నిజమే కదా.

ఊరికి ఇద్దరు ఆడవాళ్లు, ఒక డప్పు కొట్టే మనిషి పేర్లు ఇయ్యాల సాయంత్రం లోపల ఇవ్వండి. మన దగ్గర నాలుగు డప్పులున్నాయి, ఒకటి తోలు పగిలింది. కట్టేవాళ్లు ఎవరైనా తెలిసి ఉంటే మీటింగు అయ్యాక నన్ను కలవండి.